జైలుకెళ్ళొచ్చిన ప్లీడరు మళ్ళీ నల్లకోటు వేసుకోవచ్చా?

ఈ రోజు ఒక ప్రశ్న అడుగుతాను, వెంటనే జవాబు చెప్పడానికి ట్రై చేయండి. ఒక లాయరుకి క్రిమినల్ కేసులో శిక్ష పడింది. జైలుకి వెళ్ళాడు, శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చాడు. ఇప్పుడాయన మళ్ళీ నల్లకోటు వేసుకుని మన తరఫున జడ్జిగారి ముందు నిలబడొచ్చా?

"అదెలా కుదురుతుందండీ, చట్టం చదువుకున్నోడే చట్టం తప్పితే ఇంకేముంది" అని చాలామంది అంటారు. సరే. అయితే గాంధీగారి సంగతేంటి? ఆయన బారిస్టరు. ఆయనకి శిక్ష పడింది, బారిస్టర్ల జాబితాలోంచి పేరు కొట్టేశారు కూడా. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా కూడా లాయరే. ఆయనకీ శిక్ష పడింది. కానీ ఆయన పేరు కొట్టేయడానికి అక్కడి కోర్టు ఒప్పుకోలేదు. ఇద్దరూ అన్యాయమైన చట్టాన్ని ఎదిరించినవాళ్ళే. మరి ఒకరికి అలా, ఇంకొకరికి ఇలా ఎందుకైంది?

ఇంకోవైపు, ఏ క్రిమినల్ కోర్టూ దోషి అని చెప్పకుండానే ఐదేళ్ళు ప్రాక్టీసు పోగొట్టుకున్న ఆంధ్రా లాయరు ఒకాయన ఉన్నాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

అంటే జైలుకి వెళ్ళినంత మాత్రాన కోటు పోదు. జైలుకి వెళ్ళనంత మాత్రాన కోటు నిలవదు. మరి దేన్నిబట్టి పోతుంది? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

సన్నదు అంటే ఒక హామీ

ముందు పాత రోజుల్లోకి వెళ్దాం. మన మురమళ్ళలో ఇద్దరు రైతుల మధ్య పొలం గట్టు తగాదా వచ్చిందనుకోండి. బ్రిటిష్ కాలంలో అది అమలాపురం మునసబు కోర్టుకి వెళ్ళేది. అక్కడ తేలకపోతే రాజమండ్రిలో జిల్లా కోర్టు. అక్కడా తేలకపోతే మద్రాసు హైకోర్టు. ఇప్పుడంటే ఎదుర్లంక వంతెన ఎక్కితే యానాం, ఇంకాస్త ముందుకెళ్తే కాకినాడ. అప్పుడు గోదావరి పాయ దాటాలంటే పడవే గతి. మద్రాసు అంటే వేరే దేశం కింద లెక్క.

ఆ రైతుకి ఇంగ్లీషు రాదు. హైకోర్టు తీర్పు వచ్చేది ఇంగ్లీషులో. తన దస్తావేజులు, తన డబ్బు, తన రహస్యాలు అన్నీ ఒక మనిషి చేతిలో పెట్టి ఇంటికి రావాలి. ఆ మనిషే ప్లీడరు. ఆయనకి ప్రాక్టీసు చేసుకోమని ఇచ్చే కాగితాన్ని సన్నదు అనేవాళ్ళు. ఇప్పటికీ లాయర్లు ఆ మాట వాడతారు. దాని అర్థం ఒక్కటే: "ఈయన చేతిలో నీ కాగితం పెట్టొచ్చు, మాది హామీ" అని కోర్టు ఇచ్చే మాట.

ఇచ్చిన హామీని వెనక్కి తీసుకునే దారి కూడా ఉండాలి కదా. దానికోసం 1879లో లీగల్ ప్రాక్టీషనర్స్ యాక్ట్ అని ఒకటొచ్చింది. దాంట్లో 12వ సెక్షన్‌ని జాగ్రత్తగా చూడండి. ప్లీడరుకి శిక్ష పడితే హైకోర్టు ఆయన్ని సస్పెండ్ చేయొచ్చు, తీసేయొచ్చు. కానీ ఒక షరతు ఉంది. ఆ నేరం ఆయన శీలంలో లోపాన్ని చూపించాలి. ఆ లోపం కూడా ఆయన్ని ప్లీడరు పనికి పనికిరాకుండా చేసేదై ఉండాలి.

కోడింగ్ తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. ఇక్కడ ఒక్క కండిషన్ లేదు, రెండున్నాయి, మధ్యలో 'అండ్' ఉంది. శిక్ష పడాలి, అండ్, ఆ నేరం మనిషి గుణం చెడ్డదని చెప్పాలి. సైకిలుకి దీపం లేదని జరిమానా కట్టిన ప్లీడరుకి మొదటి కండిషన్ పడింది, రెండోది పడలేదు. దొంగ దస్తావేజు పుట్టించిన ప్లీడరుకి రెండూ పడ్డాయి.

కాగితం మీద చాలా బావుంది. కానీ గుణం చెడ్డదా కాదా అని ఎవరు చెప్పాలి? తెల్లదొరల ప్రభుత్వం నడిపే కోర్టు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

గానుగ తిప్పిన ప్లీడరు

అప్పట్లో మనమంతా మద్రాసు రాజధానిలోనే ఉన్నాం. కోనసీమకీ, దక్షిణాన తిరునల్వేలికీ ఒకటే హైకోర్టు. ఆ తిరునల్వేలి జిల్లాలో వి.ఓ. చిదంబరం పిళ్ళై అని ఒక ప్లీడరు ఉండేవారు. 1872లో పుట్టారు. తండ్రి కూడా ప్లీడరే. తూత్తుకుడి రేవులో ఇంగ్లీషు స్టీమర్ కంపెనీకి పోటీగా 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన మనిషి ఈయన. 1908లో అక్కడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకి అండగా నిలబడ్డారు. ఆ మార్చిలోనే అరెస్టు చేశారు.

1908 జూలై 7న సెషన్స్ జడ్జి పిన్హే తీర్పు చెప్పాడు. రాజద్రోహం కింద రెండు యావజ్జీవ ద్వీపాంతర శిక్షలు. వినడానికే భయంగా ఉంది కదా. తర్వాత అప్పీలులో శిక్ష తగ్గింది. కోయంబత్తూరు, కన్ననూరు జైళ్ళలో ఉంచారు. అక్కడ ఎద్దు చేయాల్సిన పని ఈయన చేత చేయించారు, గానుగ తిప్పించారు. తమిళనాడులో ఈ రోజుకీ ఆయన్ని తలుచుకుంటే ఆ గానుగ గుర్తొస్తుంది.

1912 డిసెంబరులో విడుదలయ్యారు. బయటికొచ్చేసరికి కంపెనీ పోయింది, సన్నదు కూడా పోయింది. ఎన్నో కేసులు వాదించిన మనిషి మద్రాసులో చిన్న కొట్టు పెట్టుకుని బతకాల్సి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత వాలెస్ అనే ఇంగ్లీషు జడ్జి చొరవతో సన్నదు తిరిగొచ్చింది. కోవిల్‌పట్టిలో మళ్ళీ ప్రాక్టీసు పెట్టారు. ఆ కృతజ్ఞతతో తన కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. 1936లో చనిపోయారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన క్లయింటు డబ్బు తిన్నారా? లేదు. కోర్టులో అబద్ధం చెప్పారా? లేదు. దొంగ కాగితం పెట్టారా? లేదు. అంటే ఒక తిరునల్వేలి రైతు తన దస్తావేజు ఆయన చేతిలో పెట్టడానికి భయపడాల్సిన కారణం ఒక్కటీ లేదు. భయపడింది ప్రభుత్వం. మరి సన్నదు ఎవరి కోసం? రైతుకి ఇచ్చిన హామీనా, ప్రభుత్వానికి ఇచ్చిన విధేయతా పత్రమా?

ముందే వదిలేసినవాళ్ళు

1920 చివర్లో నాగపూరు కాంగ్రెస్ సహాయ నిరాకరణకి సై అంది. దాంట్లో ఒక పిలుపు లాయర్లకి: కోర్టులు వదిలేయండి. దానికి మన ఆంధ్రా లాయర్లు ఎలా స్పందించారో చూడండి.

టంగుటూరి ప్రకాశం. రాజమండ్రిలో ప్లీడరుగా మొదలుపెట్టి, లండన్ వెళ్ళి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో బాగా సంపాదిస్తున్న మనిషి. 1921లో ప్రాక్టీసు వదిలేసి 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. మన కాకినాడలో బులుసు సాంబమూర్తి, గుంటూరులో కొండా వెంకటప్పయ్య, బెజవాడలో అయ్యదేవర కాళేశ్వరరావు, వీళ్ళంతా వకీళ్ళే. అందరూ వృత్తి వదిలారు, అందరూ జైలుకి వెళ్ళారు. గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ బారిస్టరు. ఆయన 'మాలపల్లి' నవల రాసింది జైల్లోనే.

ఇందులో ఉన్న తెలివి గమనించారా? సన్నదు లాగేస్తామని బెదిరించాలంటే అవతలివాడికి అది కావాలి. వీళ్ళు ముందే అటక మీద పెట్టేశారు. లాగడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే మాటలు చెప్పడం వేరు, నెలనెలా వచ్చే ఆదాయం వదులుకోవడం వేరు. మనలో ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ తేడా తెలుసు, ఒకటో తారీఖు జీతం పడకపోతే ఏంటో మనకి తెలుసు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 1937లో మద్రాసు శాసనసభకి స్పీకరు ఎవరు? జైలుకెళ్ళొచ్చిన సాంబమూర్తిగారే. రెవెన్యూ మంత్రి ఎవరు? ప్రకాశంగారు. తొమ్మిదేళ్ళకి అదే ప్రకాశంగారు మద్రాసు ముఖ్యమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. నిన్నటి ఖైదీలు ఇవాళ చట్టాలు చేశారు. ఒక ప్రభుత్వం దృష్టిలో నేరం అన్నది ఇంకో ప్రభుత్వం వచ్చేసరికి అర్హత అయిపోయింది.

రైతు, నేతపనివాడు

ఇక గాంధీగారు. 1891 జూన్ 10న లండన్‌లో ఇన్నర్ టెంపుల్ అనే సంస్థ ద్వారా బారిస్టరయ్యారు. లండన్‌లో ఇలాంటివి నాలుగున్నాయి. బారిస్టరు కావాలంటే వీటిలో ఏదో ఒకదాంట్లో సభ్యత్వం ఉండాలి.

1922 మార్చిలో 'యంగ్ ఇండియా' పత్రికలో రాసిన మూడు వ్యాసాలకి ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టారు. కోర్టులో నీ వృత్తి ఏంటని అడిగితే ఆయన బారిస్టరునని చెప్పలేదు. రైతు, నేతపనివాడు అని చెప్పారు. మార్చి 18న అహ్మదాబాదులో జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ముందు నేరం ఒప్పుకున్నారు. ఆరేళ్ళ శిక్ష పడింది.

అదే ఏడాది నవంబరు 10న ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు కొట్టేసింది. వాళ్ళ తీర్మానం సారాంశం ఏంటంటే, అధికారమున్న కోర్టు ఈయన్ని దోషి అని తేల్చింది, ఆ నేరం వల్ల ఈయన మా సభ్యుడిగా ఉండటానికి తగడు అని. ఆయన క్లయింట్లని మోసం చేశాడని ఎవరూ అనలేదు. 1988లో, అంటే ఆయన చనిపోయిన 40 ఏళ్ళకి, అదే ఇన్నర్ టెంపుల్ పేరు మళ్ళీ చేర్చింది. ఇంతకుముందు 1909లో అక్కడే శ్యామ్‌జీ కృష్ణవర్మ పేరు కూడా కొట్టేశారు. ఆయనకైతే ఏ కోర్టూ శిక్ష వేయలేదు, పత్రికకి రాసిన ఉత్తరాలే కారణం. ఆయన పేరు 2015లో తిరిగి చేర్చారు.

చనిపోయాక పేరు చేరిస్తే ఏం లాభం అంటారా? ఆ మనిషికేం లాభం లేదు. కానీ ఆ సంస్థ "మేం అప్పుడు తప్పు కొలతబద్ద వాడాం" అని ఒప్పుకున్నట్టే కదా.

ఇప్పుడు మండేలా. 1952లో ఒలివర్ టాంబోతో కలిసి జోహన్నెస్‌బర్గ్‌లో లా ఆఫీసు తెరిచారు. జాతివివక్ష చట్టాలని కావాలని ఉల్లంఘించే ఉద్యమం నడిపినందుకు అదే ఏడాది చివర్లో ఆయనకి శిక్ష పడింది. తొమ్మిది నెలలు, కానీ అమలు చేయకుండా సస్పెండ్ చేశారు. ఆ శిక్షని చూపించి ట్రాన్స్‌వాల్ లా సొసైటీ, అంటే లాయర్ల సంఘమే, ఈయన పేరు తీసేయండని 1954లో కోర్టుకెక్కింది. ఆయన తరఫున వాల్టర్ పొలాక్ అనే పేరున్న లాయరు ఫీజు తీసుకోకుండా వాదించాడు.

జడ్జి రామ్స్‌బాటమ్ అడిగింది మన 1879 చట్టంలోని రెండో కండిషనే. ఈ మనిషి చట్టం తప్పాడు, సరే. కానీ ఇందులో నిజాయితీ లేనితనం ఉందా? సిగ్గుపడాల్సిన పని ఉందా? తన జనం హక్కుల కోసం చేశాడు, సొంత లాభం లేదు, మోసం లేదు. కాబట్టి లాయరుగా పనికిరాడని చెప్పలేం అన్నాడు. కేసు కొట్టేసి, ఖర్చులు లా సొసైటీయే కట్టాలన్నాడు. జాతివివక్ష నడుస్తున్న దేశంలో ఒక తెల్ల జడ్జి ఇచ్చిన తీర్పు అది.

అంటే లండన్ "శిక్ష పడిందా" అన్నదాని మీద నిలబడింది. దక్షిణాఫ్రికా కోర్టు "ఎలాంటి మనిషి" అని అడిగింది. ప్రశ్న మారితే జవాబు మారిపోయింది.

మన చట్టం ఏం చెప్తోంది

ఇప్పుడు మన రోజుల్లోకి వద్దాం. 1961లో అడ్వకేట్స్ యాక్ట్ వచ్చింది. అప్పటినుంచి లాయర్ల మీద క్రమశిక్షణ చర్యలు మొదట చూసేది హైకోర్టు కాదు, లాయర్లు ఎన్నుకునే రాష్ట్ర బార్ కౌన్సిల్. 1973లో దీంట్లో 24ఏ అనే సెక్షన్ చేర్చారు. కొన్ని రకాల శిక్షలు పడినవాళ్ళని కొత్తగా లాయరుగా నమోదు చేసుకోకూడదని అది చెప్తుంది.

ఏ రకాలు? మొదటిది, 'మోరల్ టర్పిట్యూడ్' ఉన్న నేరం. తెలుగులో నైతిక పతనం అంటారు, మన భాషలో చెప్పాలంటే నీచమైన బుద్ధి బయటపడే నేరం. రెండోది వినండి, చాలామందికి తెలీదు. అంటరానితనం పాటించిన నేరానికి శిక్ష పడినా సరే లాయరు కాలేరు. 1955 అంటరానితనం నేరాల చట్టం పేరు పెట్టి మరీ రాశారు. హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాడు, గుళ్ళోకి రానివ్వనివాడు, దానికి శిక్ష పడితే నల్లకోటుకి పనికిరాడు. అంబేద్కర్ అనే బారిస్టరు పేరున్న జిల్లాలో ఉండి ఈ విషయం మనం తెలుసుకోకపోతే ఎలా? రాజద్రోహం కేసున్నవాణ్ణి పాత పాలకులు భయపడి తీసేశారు. స్వతంత్ర దేశం మాత్రం సాటి మనిషిని మనిషిగా చూడనివాణ్ణి పనికిరాడు అంది. కొలతబద్ద ఎటు తిరిగిందో ఇక్కడ కనిపిస్తుంది.

మరి నీచమైన బుద్ధి అంటే ఎంత నీచం? చట్టంలో నిర్వచనం లేదు, కోర్టులే ఒక్కో కేసులో చెప్పుకుంటూ వచ్చాయి. 1996లో పవన్ కుమార్ అనే హర్యానా ఉద్యోగి కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. బహిరంగ ప్రదేశంలో అసభ్య ప్రవర్తన సెక్షన్ కింద ఆయనకి 20 రూపాయలు జరిమానా పడింది, దాన్ని చూపించి ఉద్యోగం తీసేశారు. ప్రతి చిన్న జరిమానాకీ నైతిక పతనం అని ముద్ర వేసేస్తే ఎలా అని సుప్రీంకోర్టు ఆయన వైపే నిలబడింది. అది లాయరు కేసు కాదు. కానీ ఆ మాటకి అర్థం చెప్పేటప్పుడు ఆ తీర్పు పనికొస్తుంది.

24ఏలోనే ఇంకో విషయం ఉంది. ఈ అనర్హత జీవితాంతం కాదు. విడుదలై రెండేళ్ళు గడిస్తే తీరిపోతుంది. అంటే ఘోరమైన నేరం చేసి జైలుకెళ్ళొచ్చినా రెండేళ్ళాగి లాయరుగా నమోదు చేసుకోమని అడగొచ్చు. మనిషి మారడానికి అవకాశం ఇవ్వాలి, నిజమే. కానీ అన్ని నేరాలకీ ఒకటే రెండేళ్ళా అని అడిగితే జవాబు కష్టం.

ఇంకా పెద్ద చిల్లు ఒకటుంది. 24ఏ లోపలికి వచ్చేవాళ్ళని ఆపుతుంది. ఆల్రెడీ లాయరుగా ఉన్నవాడికి శిక్ష పడితే? పేరు దానంతటదే పోతుందని చట్టంలో స్పష్టంగా లేదు. ఐటీ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను: లాగిన్ దగ్గర చెకింగ్ ఉంది, లోపలికి వచ్చాక సెషన్ చెకింగ్ లేదు.

ఈ చిల్లు 2016లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. మహిపాల్ సింగ్ రాణా అని ఉత్తరప్రదేశ్‌లో ఎటా కోర్టు లాయరు. జడ్జిని కోర్టులోనే బెదిరించినందుకు కోర్టు ధిక్కారం కింద దోషిగా తేలాడు. బయటివాడికి అడ్డం వచ్చే శిక్ష లోపలివాడికి అడ్డం రాకపోవడం ఏంటని ముగ్గురు జడ్జిల బెంచ్ అడిగింది. 24ఏ అడ్డంకి నమోదయ్యాక శిక్ష పడినవాళ్ళకీ వర్తిస్తుందని చెప్పింది. ఆయన ప్రాక్టీసుని ఇంకో ఐదేళ్ళు ఆపింది. చట్టాన్నే ఒకసారి చూడమని లా కమిషన్‌కి చెప్పింది. లా కమిషన్ 2017 మార్చిలో 266వ రిపోర్టు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒక సవరణ ముసాయిదా బయటపెట్టింది. మా స్వతంత్రత పోతుందని లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు, ముసాయిదా వెనక్కి వెళ్ళింది. లాయర్ల భయం ఊరికే పుట్టింది కాదు. సన్నదు తాళం ప్రభుత్వం చేతిలో ఉంటే ఏమవుతుందో చిదంబరం పిళ్ళై జీవితమే చెప్తుంది. కానీ తాళం మన దగ్గరే ఉండాలంటే తలుపు కూడా మనమే సరిగ్గా వేసుకోవాలి కదా అన్నది క్లయింటు వైపు ప్రశ్న.

శిక్ష లేకుండా పోయిన కోటు

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆంధ్రా కేసు. పి.జె. రత్నం వర్సెస్ డి. కనికారం. సుప్రీంకోర్టు తీర్పు 1963లో వచ్చింది.

కథ చాలా మామూలుది. పొలం మీద దావా. దావా నడుస్తుండగా ఆ పొలంలో పంట అమ్మించి ఆ డబ్బు కోర్టులో డిపాజిట్ చేశారు. క్లయింట్ల తరఫున లాయరు ఆ డబ్బు తీసుకున్నాడు. 1,400 రూపాయల పైచిలుకు. 1950ల మొదట్లో ఒక రైతు కుటుంబానికి అది చిన్న డబ్బు కాదు. లాయరు "ఇచ్చేశాను" అన్నాడు, క్లయింట్లు "మాకు రాలేదు" అన్నారు. విచారణ చేసిన ట్రిబ్యునల్ అనుమానం కింద ఆయన్ని వదిలేసింది. హైకోర్టు మాత్రం సాక్ష్యాలు మళ్ళీ చూసి, డబ్బు ఇవ్వలేదని తేల్చి, ఐదేళ్ళు ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేసింది.

ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. ఆయన వాదనల్లో ఒకటి వినడానికి బలంగానే ఉంటుంది: నేను చేసింది నేరమే అయితే ముందు క్రిమినల్ కేసు పెట్టండి, అక్కడ తేలకుండా నా వృత్తి మీద చర్య ఏంటి? సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వృత్తి పనిలోనే, క్లయింటు డబ్బు విషయంలోనే జరిగిన తప్పుని నేరుగా చూసే అధికారం ఉంది, క్రిమినల్ కోర్టు కోసం ఆగాల్సిన పని లేదు అని ఐదేళ్ళ సస్పెన్షన్‌ని నిలబెట్టింది.

ఇప్పుడు తిరునల్వేలి ప్లీడరుని, ఈ లాయరుని పక్కపక్కన నిలబెట్టండి. ఒకాయన జైల్లో గానుగ తిప్పి వచ్చాడు, ఆయన చేతిలో మన దస్తావేజు పెట్టొచ్చు. ఇంకొకాయన జైలు గడప తొక్కలేదు, ఆయన చేతిలో పంట డబ్బు నిలవలేదు. 1879లో రాసిన ఆ రెండో కండిషన్ ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. శిక్ష అనేది ఒక సూచన మాత్రమే. కొలవాల్సింది నమ్మకాన్ని.

మనకేంటి దీంతో

ఇది చూస్తున్నవాళ్ళలో లా చదువుతున్నవాళ్ళు ఉన్నారు, చదవాలనుకునేవాళ్ళు ఉన్నారు. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో, తర్వాత కోనసీమలో నెట్ ఎన్ని రోజులు ఆగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ గొడవల్లో చాలామంది కుర్రాళ్ళ పేర్లు కేసుల్లోకి వెళ్ళాయి. అలాంటివాళ్ళకి, ఇంకే ఊళ్ళో ఏ కేసు ఉన్నవాళ్ళకైనా మూడు ముక్కలు.

ఒకటి. ఎఫ్‌ఐఆర్ శిక్ష కాదు. ఛార్జ్‌షీట్ కూడా శిక్ష కాదు. 24ఏ మాట్లాడేది కోర్టు దోషి అని తేల్చిన తర్వాత సంగతి.

రెండు. నమోదు అప్లికేషన్‌లో కేసుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. ముఖ్యమైన విషయం దాచి నమోదైతే తర్వాత పేరు తీసేసే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఉంది. కేసు చిన్నదే కావచ్చు, దాన్ని దాచడం మాత్రం నేరుగా మీ గుణం మీద ప్రశ్న అవుతుంది.

మూడు. ఇది కొంచెం చేదుగా ఉంటుంది. గాంధీగారూ జైలుకెళ్ళారు, మండేలా మీదా కేసులున్నాయి అని ఎవరైనా రాయి విసిరి చెప్పుకుంటే చెల్లదు. వాళ్ళు నిలబెట్టుకున్నది ఏంటి? పట్టపగలు చేశారు, చేశామని ఒప్పుకున్నారు, ఆ నేరాల్లో ఎవరి ఇల్లూ తగలబడలేదు. ఇంకొకరి ఇంటికి నిప్పు పెట్టి ముఖానికి గుడ్డ కట్టుకుని పారిపోవడం ఆ కోవలోకి రాదు. రుజువైతే దాన్ని ఏ జడ్జీ సత్యాగ్రహం అనడు.

ఇక లాయరుతో పని ఉన్నవాళ్ళకి. మీ డబ్బు, మీ కాగితాలు లాయరు తిరిగివ్వకపోతే పోలీస్ కేసు తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ అందులో పస ఉందనుకుంటే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. హెచ్చరించడం, కొంతకాలం సస్పెండ్ చేయడం, పేరు పూర్తిగా తీసేయడం, ఇవన్నీ ఆ కమిటీ చేయగలదు. ఏడాదిలోపు తేల్చకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్ళాలని చట్టం చెప్తోంది. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికే అప్పీలు, ఆ తర్వాత సుప్రీంకోర్టు. కానీ రుజువు మీ దగ్గర ఉండాలి. కాబట్టి డబ్బు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి, ఫోన్‌పేలో పంపితే స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, ఒరిజినల్ కాగితాలు ఇస్తే ఏమేం ఇచ్చారో లిస్టు రాసి సంతకం పెట్టించుకోండి. ప్లీడరుగారిని అడగడానికి మొహమాటం వద్దు. మంచి ప్లీడరు దానికి ఏమీ అనుకోరు.

లాయర్లకి శిక్ష పడితే పేరు దానంతటదే పోవాలా, లేక ఏ నేరమో చూసి ఎవరో ఒకరు తేల్చాలా? తేల్చేది లాయర్లే అయి ఉండాలా, బయటివాళ్ళు కూడా ఉండాలా? నా వరకూ అయితే నేరం ఏంటో చూడాల్సిందే, కానీ చూసే కమిటీలో క్లయింట్ల వైపు నుంచి కూడా ఒక మనిషి కూర్చోవాలి. సన్నదు హామీ ఇచ్చింది క్లయింటుకే కాబట్టి. మీరేమంటారో కామెంట్లో రాయండి, లా స్టూడెంట్స్ తప్పకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి మరి.